మమ్మల్ని ఎందుకు అడగాలి?

మా బడి వెనక మెట్ట మీద ఒక పెద్ద కరెంటు టవరు ఉంది. సీలేరు వైపు నుంచి వచ్చే లైను అది. మా చోడి చేల మీదుగా, గెడ్డ మీదుగా మైదానానికి దిగిపోతుంది. ఒక వానాకాలం గాలివానకు ఊరి కరెంటు స్తంభాలు పడిపోయి పదకొండు రోజులు చీకట్లో ఉన్నాము. పన్నెండో రోజు నాలుగో తరగతి పిల్ల ఒకతె టవరు వైపు చెయ్యి చూపి అడిగింది: "మాస్టారూ, అంత పెద్ద తీగలో కరెంటు పోతోంది కదా, మన బడికి ఎందుకు లేదు?"

మేము ట్రైనింగులో నేర్చుకున్న పద్ధతిలోనే జవాబు చెప్పాము. పెద్ద తీగలోని కరెంటును నేరుగా ఇంటికి తీసుకోకూడదని, సబ్‌స్టేషనులో దాని వోల్టేజి తగ్గించాలని, బోర్డు మీద బొమ్మ గీసి వివరించాము. ఆ పిల్ల అంతా విని, "మరి ఆ సబ్‌స్టేషను మన దగ్గర కట్టొచ్చు కదా?" అంది. మా సైన్సు పాఠం అక్కడితో అయిపోయింది. మిగిలిన ప్రశ్న న్యాయానికి సంబంధించినది. అప్పటి నుంచి మేము దాని గురించే ఆలోచిస్తున్నాము.

ముందుగా ఒక మాట. ఆదివాసులకు కరెంటు అక్కర్లేదని, కొండల్లో చీకటే మా సంస్కృతి అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. కిరసనాయిలు బుడ్డి పొగలో చదువుకున్న తరం మాది. రాత్రి పురుడు పోయాలంటే దీపం కావాలి. టీకా మందులు చెడకుండా ఉండాలంటే ఫ్రిజ్ నడవాలి. పాము కరిచినవాణ్ని డోలీ కట్టి దించాలన్నా ముందు ఫోను పలకాలి, ఫోను పలకాలంటే దానికి ఛార్జింగు ఉండాలి. దేశానికి ఇంకా చాలా కరెంటు కావాలి, అందులో మాకూ కావాలి. దాన్ని ఏ దారిలో తెస్తారన్నదే మా ప్రశ్న.

2018 ఏప్రిల్ 28 నాటికి దేశంలోని అన్ని గ్రామాలకూ కరెంటు చేరిందని ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్క ఎలా వేస్తారో మా యువకులు తెలుసుకోవాలి. 2004 నుంచి ఉన్న నిర్వచనం ప్రకారం ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు, లైను ఉండి, బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్లకు కరెంటు వచ్చి, నూటికి పది ఇళ్లకు కనెక్షను ఉంటే ఆ గ్రామం విద్యుదీకరణ అయినట్టే. మిగిలిన తొంభై ఇళ్లు చీకట్లో ఉన్నా కాగితం మీద ఆ ఊరు వెలుగుతుంది. పైగా లెక్కించేది జనాభా లెక్కల్లో ఉన్న గ్రామాన్ని. మేము బతికేది గూడేల్లో. ఒక్కో గ్రామం కింద కొండకొకటి, గెడ్డకొకటిగా చాలా గూడేలు ఉంటాయి. ఇంటింటికీ కనెక్షన్లు ఇచ్చే పథకాలూ వచ్చాయి, వాటివల్ల మేలు జరిగింది. కానీ లెక్కలో లేని ఊరికి న్యాయంలోనూ చోటుండదని మేము ఆ నిర్వచనం నుంచే నేర్చుకున్నాము.

ఇప్పుడు తీగ మొదలైన చోటికి వెళదాం. మాచ్‌ఖండ్ నది కిందికి వచ్చేసరికి సీలేరు అవుతుంది, శబరిలో కలుస్తుంది, శబరి గోదావరిలో కలుస్తుంది. ఈ ఒక్క నీటిదారి మీద మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది. తరవాత ఎగువ సీలేరు 240 మెగావాట్లు, డొంకరాయి 25, మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు 460 మెగావాట్లు వచ్చాయి. ఈ నీరు తెలుగు నేల మీద ఎన్నో ఊళ్లను, ఫ్యాక్టరీలను వెలిగించింది. ఆ మేలును మేము కాదనము. కానీ జోలాపుట్టు జలాశయం కింద మునిగినవి ఎవరి పొలాలో కూడా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో పరిహారం పట్టాను బట్టి ఉండేది. మా తాతలకు భూమి ఉంది, పట్టా లేదు. కాగితం లేని వాడి నష్టానికి లెక్క లేదు.

ఇప్పుడు రెండో దఫా వస్తోంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించి 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులు తేవాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టులు ముఖ్యమైనవి. ఎగువన ఒక చెరువు, దిగువన ఒక చెరువు కడతారు. పగలు సౌర విద్యుత్తు ఎక్కువగా ఉన్నప్పుడు నీటిని పైకి తోడతారు. సాయంత్రం అందరూ దీపాలు వేసుకునే వేళకు ఆ నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడడానికి ఖర్చయిన కరెంటు కంటే తిరిగి వచ్చేది తక్కువే అయినా, ఎండ లేని వేళకు కరెంటును దాచుకునే మార్గం ఇది. బొగ్గు పొగ తగ్గాలంటే ఇలాంటిది ఏదో ఒకటి కావాలి. అయితే ఎత్తయిన కొండా, పక్కనే లోయా, నీరూ ఉన్న చోటే ఇది కుదురుతుంది. అంటే మా చోటే. సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల ప్రణాళిక ఉంది. అనంతగిరి, చింతపల్లి, కొయ్యూరు వైపు ప్రైవేటు కంపెనీల ప్రతిపాదనలు ఉన్నాయి.

"పదిమంది బాగు కోసం ఒకరు నష్టపోక తప్పదు కదా" అని పట్నంలో చదువుకున్న మా స్నేహితులు అంటారు. తేలిగ్గా కొట్టేయదగ్గ మాట కాదిది. మేమూ తూకం వేసి చూశాము. మాకు కనిపించిన తేడా ఏమిటంటే, ఆ మాట అనేవాళ్లు తక్కెడ పట్టుకునే చోట ఉంటారు, మేము తక్కెడలో ఉంటాము. డెబ్భై ఏళ్లుగా ఆ 'ఒకరు' మారలేదు. మునక మారింది, గని మారింది, పథకం పేరు మారింది, నష్టపోయే మనిషి మాత్రం మళ్లీ ఆదివాసే. పోలవరం చూడండి. 960 మెగావాట్ల కరెంటు, లక్షల ఎకరాలకు నీళ్లు. మునిగేది ఎక్కువగా కోయల, కొండరెడ్ల ఊళ్లు. వంతులవారీగా అందరి మీదా పడే భారాన్ని మేము మోయగలం. ఎప్పుడూ ఒకరి మీదే పడే భారాన్ని త్యాగం అనకూడదు. త్యాగం అనేది ఇచ్చేవాడు చేసేది. మమ్మల్ని అడగకుండా తీసుకుని, దానికి మా త్యాగం అని పేరు పెట్టడం ఏ నీతి?

ఇక్కడ మమ్మల్ని మేము కూడా ప్రశ్నించుకోవాలి. మా బడిలో వెలిగే బల్బు ఎక్కడి కరెంటు? అన్ని తీగలూ కలిసిపోయాక ఫలానా చోటిదని చెప్పలేము. విశాఖ దగ్గరి సింహాద్రి కేంద్రానికి బొగ్గు ఒడిశాలోని తాల్చేరు నుంచి వస్తుంది. సింగరేణి గనులున్న ఇల్లందు, కొత్తగూడెం ప్రాంతం కోయల నేల. అంటే మా గూడెం వెలుగు కోసం ఇంకెక్కడో ఒక గూడెం ఊరు మార్చి ఉండవచ్చు. "మా కొండ ముట్టుకోవద్దు, కరెంటు మాత్రం పంపండి" అంటే అది కూడా న్యాయం కాదు. పైగా మా వాళ్లందరిదీ ఒక మాట కాదు. కంపెనీ వస్తే ఉద్యోగం దొరుకుతుందని ఆశపడే యువకులు మా విద్యార్థులే. కాంట్రాక్టు పని కోసం సంతకాలు చేయించిన పెద్దమనిషి మా చుట్టమే. కాబట్టి వచ్చే ప్రతి ప్రాజెక్టుకూ ముందే 'వద్దు' అనడం మా సిద్ధాంతం కాదు. మేము కోరేవి రెండు: ముందు అడగాలి, తరవాత వాటా ఇవ్వాలి.

అడగడం మాకు కొత్త కాదు. కొత్తల పండగ చేయనిదే మా ఇళ్లలో కొత్త మామిడికాయ కోసుకుని తినరు. చెట్టు మన పెరట్లోదే, కాయ మన చేతికి అందేదే. అయినా ముందు దేవుడికి, పెద్దలకు పెట్టి, ఊరంతా కలిసి తింటాము. పిల్లలు ఎందుకని అడిగితే మా అమ్మ అనేది: "మనం నాటినా, మొలిపించింది మనం కాదు కదా." అడగడంలో మర్యాద ఒక్కటే లేదు. ఇది నా ఒక్కడిది కాదని ఒప్పుకోవడం ఉంది.

దేశ చట్టమూ ఇంచుమించు ఇదే చెప్పింది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను గానీ పంచాయతీని గానీ సంప్రదించాలి. 2013 నాటి భూసేకరణ చట్టం సంప్రదింపుతో ఆగక ముందస్తు సమ్మతి కావాలంది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు తీర్పు మేరకు ఒడిశాలోని నియమగిరిలో బాక్సైటు తవ్వకంపై పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. మా కోందు సోదరుల బంధువులు వాళ్లు. దేశం ఏమీ కూలిపోలేదు.

కానీ మేము కళ్లారా చూసిన గ్రామసభ వేరు. కొన్నేళ్ల కిందట మా పక్క ఊళ్లో సంత రోజున సభ పెట్టారు. సగం మంది సంతకు పోయారు. ప్రాజెక్టు కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. వచ్చిన ఆఫీసరు ఉపాధి గురించి పావుగంట చెప్పి, హాజరు పట్టీలో వేలిముద్రలు తీసుకుని వెళ్లాడు. తరవాత తెలిసింది, హాజరైనవాళ్లందరూ ఒప్పుకున్నట్టే రాసుకున్నారని. 'కాదు' అనే వీలు లేని చోట 'సరే' అనే మాటకు అర్థం ఉండదు. బళ్లో పిల్లలను "అర్థమైందా?" అని అడిగితే అందరూ "అయింది సార్" అంటారు. అర్థం కాలేదని చెప్పినా కొట్టరని నమ్మకం కలిగాకే నిజం చెబుతారు. గ్రామసభ కూడా అంతే.

ఇక వాటా. పరిహారం అంటే పోయినదానికి కట్టిన వెల. ఒకసారి చేతిలో పెడితే లెక్క తీరిపోతుంది. ఆ డబ్బు మోటారు బండి అయి, సారా అయి, రెండేళ్లలో పోవడం మేము చూశాము. వాటా అలా కాదు. మా పెద్దల కాలంలో వేట దొరికితే కొట్టినవాడికి ఒక పాలు ఎక్కువ ఉండేది, కానీ వేటకు రాలేని ముసలి ఇంటికి కూడా పాలు వెళ్లేది. ఆ ఇల్లు ఊరిది కాబట్టి. నది ప్రవహించినన్నాళ్లూ కరెంటు వస్తుంది. అన్నాళ్లూ నది ఒడ్డు మనిషికి పాలు రావాలి.

ఇదేమీ అత్యాశ కాదు. 1997 నాటి సమత తీర్పులో సుప్రీంకోర్టు గనుల విషయంలో నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ఆదివాసుల నీళ్లకు, బడులకు, వైద్యానికి, రోడ్లకు శాశ్వత నిధిగా పెట్టాలంది. 2008 నాటి జాతీయ జలవిద్యుత్ విధానం స్థానిక అభివృద్ధికి ఒక శాతం ఉచిత విద్యుత్తును, నష్టపోయిన కుటుంబానికి పదేళ్లపాటు నెలకు వంద యూనిట్లను పేర్కొంది. అయితే 2023లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు పంప్డ్ స్టోరేజికి ఉచిత విద్యుత్తు బాధ్యత అక్కర్లేదన్నాయి. ఇవి కరెంటును తయారుచేసేవి కావు, దాచేవి అన్నది కారణం. లెక్క ప్రకారం సరే. కానీ ధాన్యం దాచే గాదెకు స్థలం ఇచ్చినవాడికి ధాన్యంలో పాలు లేదంటామా?

ప్రతి గూడేన్నీ అడుగుతూ కూర్చుంటే పెట్టుబడి పక్క రాష్ట్రానికి పోతుందని ఇంకో మాట అంటారు. పెట్టుబడి పెట్టేవాడు ఎవరినీ అడగకుండా రాడు. బ్యాంకును అడుగుతాడు. పాతికేళ్లపాటు కరెంటు కొంటామని రాతపూర్వక ఒప్పందం అడుగుతాడు. యూనిట్ ధర ఎంతో, భూమి ఎప్పుడిస్తారో, పన్ను ఎంత తగ్గిస్తారో అడుగుతాడు. అవన్నీ తేలడానికి ఏళ్లు పడుతుంది, దాన్ని ఎవరూ ఆలస్యం అనరు. ఆ వరసలో గూడేన్ని చేర్చితేనే ఆలస్యమా? అడగకుండా మొదలుపెట్టిన పనే తరవాత కోర్టుల్లో, ధర్నాల్లో ఏళ్ల తరబడి ఆగిపోతుంది.

ఇంకో సంగతి కూడా మా యువకులు గుర్తుపెట్టుకోవాలి. అడవిలోంచి గూడేనికి కరెంటు తీగ వేయడానికి అటవీ హక్కుల చట్టం 2006లోనే దారి చూపింది. గ్రామసభ సిఫారసు చేస్తే, ఒక హెక్టారు లోపు భూమిని, హెక్టారుకు 75 చెట్లు మించకుండా, బడి, రోడ్డు, కరెంటు లైను వంటి పదమూడు రకాల పనులకు ఇవ్వవచ్చు. అటవీశాఖ అనుమతి రాలేదని ఎవరైనా స్తంభాలు ఆపేస్తే ఈ సెక్షను చూపించండి. వందల హెక్టార్లకు దారి దొరికినప్పుడు ఒక హెక్టారుకు ఎందుకు దొరకదని అడగండి.

ఆ పిల్ల ఇప్పుడు పై తరగతికి ఆశ్రమ పాఠశాలకు వెళ్లింది. సెలవులకు వచ్చినప్పుడు మళ్లీ అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు మాకు తెలుసు. "తీగ వేసేటప్పుడు మన తాతలను ఎవరూ అడగలేదమ్మా. ఈసారి అడుగుతారేమో చూద్దాం. అడిగినప్పుడు సభలో కాగితం చదివి, ఊరందరికీ మన భాషలో అర్థం చెప్పేది నువ్వే. చదువుకుని రా."