లోపలి తుప్పు



చిత్తూరునుండి పలమనేరు వెళ్లు త్రోవలో మొగిలి ఘాటు ఎక్కునప్పుడు, వేసవిలో ఇంజను కాగి బండ్లు ప్రక్కన నిలిచిపోవుట మనకు క్రొత్త కాదు. కొందరు ఇంటివద్దనే రేడియేటరు మార్చుకొందురు. మంచిదే. అయితే ఒక్క మాట ఆలకించుడి.

ముందుగా ఇంజనును పూర్తిగా చల్లారనియ్యవలెను. మూత బిగువునకు లోపలి నీరు 100 డిగ్రీలు దాటినను మరగక యుండును. మూత తీసిన క్షణమే ఆవిరియై ముఖముమీదికి ఎగజిమ్మును. పాత నీటిని తొట్టిలోనికి పట్టుడి, నేలమీద విడువకుడి. కూలెంటు విషము, తియ్యగా నుండును గనుక కుక్కలైనను పసిబిడ్డలైనను త్రాగవచ్చును.

పగిలిన రబ్బరు గొట్టములను, పట్టుకుపోయిన థర్మోస్టాటును, ఇంజనులోని తుప్పును అట్లే విడిచి రేడియేటరు మాత్రము మార్చినయెడల, ఆ తుప్పే క్రొత్తదాని సన్నని దారులను పూడ్చివేయును. బోరునీరు పోసినయెడల ఉప్పు పేరుకొనును. కావున ముందు లోపల కడిగి, పిదప డిస్టిల్డు వాటరులో కూలెంటు కలిపి, గాలి పోవునట్లు మెల్లగా పోయవలెను.

పైపైన కడుగుట చాలదని, గిన్నె సంగతి ఎత్తి ప్రభువు పరిసయ్యులను గద్దించెను (మత్తయి 23). క్రిస్మసుకు ఇంటికి సున్నము కొట్టించి, గట్టు తగవులో అన్నమీద పెట్టుకొన్న పగను హృదయములో అట్లే ఉంచుకొనువాని నెమ్మది ఎంతవరకు? మొదటి ఎత్తు వచ్చువరకే.

ఈ వారమే వెళ్లి అతనితో మాటలాడుడి. అయితే కోపము చల్లారిన పిమ్మటనే మూత తీయుడి.