గీత గీసింది ఎవరు?

కొండపల్లి బొమ్మ ఒకే చెక్కలోంచి రాదు. తెల్ల పొణికి చెక్కతో ఒళ్లు, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అతుకు దగ్గర తేడా వస్తే అక్కడే సరిచేసుకోవచ్చు. అంటే తయారీ మధ్యలో కూడా ఆలోచనకి కొంచెం చోటుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఆ చోటుని మేం మూసేస్తున్నాం. 1976లో పీటర్ చెన్ ఎంటిటీ-రిలేషన్‌షిప్ మోడల్ ప్రతిపాదించాక డేటాబేస్‌ని బొమ్మగా గీయడం అలవాటైంది. ఇప్పుడు మీట నొక్కితే ఆ బొమ్మే కోడ్ అవుతుంది. డబ్బా టేబుల్ అవుతుంది, గీత ఫారిన్ కీ అవుతుంది. గీత చివర చిన్న సున్నా ఉంటే ఆ వివరం లేకపోయినా పర్లేదు. అడ్డగీత ఉంటే 'నాట్ నల్', ఉండి తీరాలి. పని తగ్గింది, టైపింగ్ తప్పులూ తగ్గాయి. మంచిదే.

కానీ ఆ సున్నాకీ అడ్డగీతకీ మధ్య ఒక మనిషి ఉండొచ్చు. కృష్ణా డెల్టాలో పొలం చేసేవాళ్లలో చాలామంది కౌలు రైతులు, అందులోనూ నోటిమాట కౌలు మామూలే. 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం కింద కార్డుకి భూయజమాని సంతకం అవసరం ఉండేది కాదు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం యజమానితో పదకొండు నెలల రాతపూర్వక ఒప్పందం అడిగింది. ఈ రెండిటికీ మనమే డేటాబేస్ గీస్తున్నాం అనుకోండి. 'సాగుదారు' నుంచి 'ఒప్పందం'కి వెళ్లే గీత చివర సున్నా పోయి అడ్డగీత వస్తుంది. మారేది అంతే. మీట నొక్కాక నోటిమాట రైతుకి టేబుల్లో వరస ఉండదు. పంట ఉంటుంది, తుఫాను నష్టం ఉంటుంది, ఆయన ఉండడు. కౌంటర్ దగ్గర వినపడేది ఒకటే మాట: "సిస్టమ్ తీసుకోవట్లేదండీ."

చట్టం చెప్పిందే గీశాం, ఇంజనీరు తప్పేంటి అనొచ్చు. సగం నిజమే. అయితే చట్టానికి పేరుంది, సంవత్సరం ఉంది. దాన్ని అసెంబ్లీలో ప్రశ్నించొచ్చు, కోర్టులో సవాలు చేయొచ్చు, సవరించమని ధర్నా చేయొచ్చు. 'నాట్ నల్' మీద ఎవరు ధర్నా చేస్తారు? ఒకరి నిర్ణయం అక్కడ ప్రకృతి నియమంలా కనిపిస్తుంది. కోడ్ యంత్రం రాసింది కాబట్టి రాసినవాడి పేరు కూడా మిగలదు.

అందుకని కోడ్ చేత్తోనే రాయాలని కాదు. డయాగ్రమ్‌లో ప్రతి అడ్డగీత పక్కనా మూడు ముక్కలు ఉండాలి: ఇది ఎవరి నిర్ణయం, ఏ చట్టం ప్రకారం, దీనివల్ల బయట మిగిలేది ఎవరు. టేబుళ్లకి, కాలమ్‌లకి కామెంట్ రాసే వీలు చాలా డేటాబేసుల్లో ఉంది. మొదటి రెండూ ఫైళ్లు చూసి రాయొచ్చు. మూడోది తెలియాలంటే మాత్రం పొలం దాకా వెళ్లి అడగాలి.