ప్రార్థన చేసుకోనివ్వు, చెయ్యి మాత్రం ఎత్తనివ్వకు

తల్లీ,

నీతో గదిలో ఉండే అమ్మాయి సంగతి విన్నప్పట్నుంచీ నా మనసు అక్కడే ఉంది. తెల్లవారుజామున మెలకువొస్తుందట, కాలూ చెయ్యీ కదలవట, నోరు పెగలదట, గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంటుందట. పక్క మంచం పిల్ల జిన్ను అంది, హాస్టల్ వంటామె గాలి సోకిందంది, వాళ్ళమ్మ సాతాను పట్టాడని ఎవరిచేతో వదిలించడానికి బయల్దేరుతోంది. ఏం చెయ్యను తాతయ్యా అని అడిగావు.

దయ్యాలున్నాయా లేవా అని మాత్రం వాదనకు దిగకు. భయంతో ఉన్నవాళ్ళకు వాదన ఎక్కదు. హైదరాబాద్‌లో మీ ఏఎస్ రావు నగర్‌కు పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన శాస్త్రవేత్త. ఒక శాస్త్రవేత్త నిలబెట్టిన ఆ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో కూడా నాతో పనిచేసినవాళ్ళలో మౌలాలి గుట్టెక్కి దర్గాలో మొక్కేవాళ్ళున్నారు, ఆదివారం చర్చి తప్పనివాళ్ళున్నారు. నమ్మకాన్ని చులకన చేస్తే మనిషి మనకు దూరమైపోతాడు, మన మంచిమాట కూడా వినడు.

నమ్మేవాళ్ళ గ్రంథాల్లోనే నీకు కావలసిన బలం ఉంది. యూదుల, క్రైస్తవుల, ముస్లింల గ్రంథాలు దుష్టశక్తులున్నాయనే అంటాయి. వాటిని దేవుడికి సాటి అని మాత్రం ఏదీ అనదు. బైబిల్లోని యోబు కథలో సాతాను దేవుడి అనుమతి లేనిదే యోబు జోలికి పోలేడు. ఖురాన్ ప్రకారం జిన్నులు పొగలేని నిప్పునుంచి పుట్టారు, వాళ్ళలో విశ్వాసులూ ఉన్నారు. తీర్పు రోజున సైతానే ఒప్పుకుంటాడు, తనకు మనుషుల మీద అధికారం లేదని, పిలవడం వరకే తన పని అని. పక్క మంచం పిల్లకు ఈ మాట గుర్తుచెయ్యి, తనకూ ధైర్యమొస్తుంది. రాత్రి భయానికి ఆ మతాల్లో ఉన్న మందు కూడా మెత్తనిదే. ముస్లింలు ఖురాన్‌లోని ఫలక్, నాస్ అనే సూరాలు చదివి అరచేతుల్లో ఊదుకుని ఒళ్ళు తడుముకుంటారు. యూదులు పడుకునే ముందు షెమా అనే ప్రార్థన చదువుకుంటారు. బైబిల్లో సౌలు రాజును దురాత్మ పీడిస్తే దావీదును పిలిపించి సితారా వాయింపజేశారు.

వాళ్ళమ్మతో మాట్లాడేటప్పుడు సువార్తలో దయ్యం పట్టి సమాధుల మధ్య తిరిగే మనిషి కథ ఎత్తు. అతన్ని సంకెళ్ళతో కట్టింది జనం. యేసు మాటతోనే బాగుచేశాడు, ఆ తర్వాత అతను బట్టలు కట్టుకుని తెలివిగా కూర్చున్నాడు. కతోలిక సభలో బిషప్ ప్రత్యేక అనుమతి లేకుండా ఏ ఫాదరూ దయ్యాన్ని వెళ్ళగొట్టే విధి చెయ్యకూడదు. 1999లో వెలువడిన సవరించిన పద్ధతిలో కూడా జబ్బేమో ముందు చూసుకోమనే ఉంది.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా దగ్గర నడిచే ఒక ఆశ్రమంలో 28 మంది మనోరోగులు మంటల్లో కాలిపోయారు. పారిపోదామన్నా వాళ్ళను గొలుసులతో కట్టేసి ఉంచారు. బాగవుతారనే ఆశతోనే వాళ్ళను అక్కడ వదిలిన కుటుంబాలు ఎన్నో.

నువ్వు చెప్పిన లక్షణాలు వింటే నాకు స్లీప్ పెరాలసిస్ అనిపిస్తోంది. కలలొచ్చే నిద్రలో ఒళ్ళు కదలకుండా ఉండటం సహజం. ఒంటికంటే ముందు మనసు మేలుకుంటే ఈ బాధ వస్తుంది, కాసేపట్లో దానంతటదే పోతుంది. రాత్రి డ్యూటీలు, నిద్ర చాలకపోవడం, వెల్లకిలా పడుకోవడం దాన్ని పెంచుతాయి. ఔనో కాదో డాక్టరే చెప్పాలి, నేనూ నువ్వూ కాదు.

కాబట్టి రేపే ఆమెను డాక్టరుకు చూపించు. ఈలోగా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చెయ్యండి, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. రాత్రి ఆమె పక్కనే పడుకో, మూలుగు వినబడితే పేరుపెట్టి పిలిచి భుజం తట్టు. ప్రార్థన చేసుకుంటే చేసుకోనివ్వు, నువ్వూ పక్కన కూర్చో. కానీ కొడతామన్నా, కట్టేస్తామన్నా, పస్తు పెడతామన్నా, ఒంటరిగా లోపలికి పంపమన్నా, వేలకు వేలు తెమ్మన్నా అడ్డం నిలబడు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పానని బాధపడకు, ఆ ఒక్క చోట ఎదురు చెప్పమని నేనే చెబుతున్నాను. అవసరమైతే వాళ్ళమ్మతో నేనూ మాట్లాడతాను, నంబరు పంపించు.

మీ తాతయ్య