నరం నమ్మకం

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పగానే చుట్టూ ఉన్నవాళ్ల కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. అక్కడ నిప్పు లేదు. అయినా ఒంట్లోని నరాలు నిప్పు తగిలిందనే మెదడుకు కబురు పంపుతాయి. దీని గుట్టును డేవిడ్ జూలియస్ బృందం 1997లో బయటపెట్టింది. నరాల చివర ఉండే ఒక ప్రోటీన్ సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకుంటుంది. మిర్చిలోని క్యాప్సైసిన్ తగిలినా అదే ప్రోటీన్ తెరుచుకుంటుంది. ఈ పరిశోధనకే ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. తనను కదిపింది ఎవరో నరం అడగదు. కదిపితే చాలు, నమ్మేస్తుంది.

నరాన్ని యంత్రంతో కలిపే విద్య చాలావరకు ఈ నమ్మకం మీదే నిలబడింది. అదెక్కడో అమెరికా ప్రయోగశాలల్లో జరిగే సంగతి అనుకుంటాం గానీ, ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకం కింద వినికిడి కోసం కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలు మన ఊళ్లలోనే బడికి వెళ్తున్నారు. చెవి వెనక చిన్న ప్రాసెసర్, అయస్కాంతంతో తలకు అంటుకునే కాయిల్, చర్మం కింద రిసీవర్, లోపలి చెవిలోకి దూర్చిన సన్నటి తీగ మీద ఇరవై చిల్లర ఎలక్ట్రోడ్లు. వినికిడి నరంలో దాదాపు 30,000 పోగులుంటే, యంత్రం వాటిని కదిపేది ఆ కాసిని చోట్ల నుంచే. మిగతాది మెదడు నేర్చుకోవాలి. స్విచ్ ఆన్ చేసిన రోజు చాలామంది పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు. ఆ తర్వాత నెలల తరబడి, కుక్కర్ కూత పెట్టినప్పుడల్లా తల్లి చెవి చూపించి "అదుగో, విన్నావా అమ్మా?" అని అడుగుతూనే ఉంటుంది. అలా అడగ్గా అడగ్గా ఆ విద్యుత్తు పిల్లకు చప్పుడవుతుంది, తర్వాత మాటవుతుంది.

నేరుగా మెదడునే కదిపితే కథ వేరు. 2017లో గుంటూరులోనే ఒక నర్సును మెలకువగా ఉంచి, బాహుబలి సినిమా చూపిస్తూ ఆమె మెదడులోని కణితి తీశారు. రోగి మాట, కదలిక చెడకుండా చూసుకోవడానికి ఇలాంటి శస్త్రచికిత్స చేస్తారు. దానికి బాట వేసినవారిలో మాంట్రియల్ వైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ ముఖ్యుడు. మెలకువగా ఉన్న రోగి మెదడును ఆయన విద్యుత్తుతో తాకితే చెయ్యి కదిలేది. ఆ కదలిక తమది కాదని, డాక్టరే కదిపాడని రోగులు చెప్పేవారని ఆయన రాశారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ రోగులకూ ఇంప్లాంట్ పిల్లలకూ ఉన్న తేడాయే. రెండు చోట్లా కదిపింది విద్యుత్తే. పెన్‌ఫీల్డ్ రోగి దాన్ని తనది కాదన్నాడు. ఇంప్లాంట్ పెట్టుకున్న పిల్ల మాత్రం "నేను విన్నాను" అంటుంది. చేతి కదలిక వెనక ఉన్నది డాక్టరు ఇచ్ఛ. వినికిడి వెనక ఉన్నది ఆ పిల్ల ఆసక్తి, తల్లి ఓపిక. 2024 జనవరిలో మెదడులో న్యూరాలింక్ కంపెనీ పరికరం అమర్చుకున్న మొదటి వ్యక్తికి మెడ కింద కదలిక లేదు. తన తలపుతోనే కంప్యూటర్ తెర మీద కర్సర్ కదిపాడు. ఆ కదలికా అతనిదే. కాబట్టి తీగ ఒంట్లోకి వచ్చినంత మాత్రాన మనిషి తక్కువైపోడు. ఎవరి ఇచ్ఛ నడుస్తోందన్నదే అసలు సంగతి.

అయితే యంత్రం మన ఇచ్ఛకు లొంగి ఉన్నా, దాని మరమ్మతు మన చేతిలో ఉండదు. ఆర్గస్ 2 అనే పరికరం అంధులకు కొంత చూపునిచ్చింది. ప్రపంచంలో 350 మందికి పైగా దాన్ని కంట్లో పెట్టించుకున్నారు. తయారీ కంపెనీ 2020లో దివాలా అంచుకు చేరేసరికి వాళ్లకు దిక్కు లేకుండా పోయింది. పరికరం కంట్లోనే ఉంది, బాగుచేసేవాళ్లు లేరు. మన పిల్లల ప్రాసెసర్లూ పాతబడతాయి, కేబుళ్లు తెగుతాయి. పత్తి చేలో కూలికి వెళ్లే ఇంటికి కొత్త ప్రాసెసర్ కొనడం మోయలేని భారం. అది ఆగిన రోజు ఆ పిల్లకు అమ్మ గొంతు కూడా ఆగిపోతుంది.

అమరావతిలో క్వాంటం కంప్యూటర్ల కోసం క్వాంటం వ్యాలీ కడుతున్నాం. ఇలాంటి కొత్త సాంకేతికతల వెంటే రేపు మెదడు పరికరాలూ ఇక్కడికి వస్తాయి, రావాలి కూడా. కానీ మనిషి నరానికి తీగ కలిపినవాళ్లు, ఆ మనిషి బతికినంతకాలం దాన్ని పనిచేయించే బాధ్యతనూ తీసుకోవాలి. ఆపరేషన్‌కు డబ్బు మంజూరు చేసే కాగితం మీదే ఆ మాట రాసి ఉండాలి.