పన్నెండుమందికే చోటున్న ఓడ

1950 డిసెంబర్, కొరియా యుద్ధం. చైనా సేనలు తరుముకొస్తుంటే హంగ్నం రేవులో వేలమంది చలిలో ఓడల కోసం నిలబడ్డారు. మెరెడిత్ విక్టరీ సరుకుల ఓడ, ప్రయాణికులకు చోటు 12 మందికే. ఎక్కించుకోమని సైన్యం అడగగలిగిందే గాని ఆజ్ఞాపించలేకపోయింది. కెప్టెన్ లెనార్డ్ లరూ సరేనన్నాడు. సుమారు 14,000 మంది ఎక్కారు.

లెక్కలు పక్కనపెట్టి దయ చూపాడంటారు. మా వైద్యులకు అలా అనిపించదు. సరుకు దింపే పలకల మీదే మనుషుల్ని దించి, ఓడ అడుగునుంచి ఒక్కో అంతస్తూ నింపుకుంటూ వచ్చారు. ఆ లెక్కే లేకపోతే ఆ దయకు చోటెక్కడిది? ఎమర్జెన్సీలో మంచాలు లెక్కపెట్టుకునే మాకిది కొత్త కాదు.

చిక్కల్లా వేరేచోట ఉంది. ఓడలో విమాన ఇంధనం, సముద్రంలో మైన్లు, పైగా డాక్టరు లేడు. ఒక్కరూ పోలేదు, దారిలో అయిదుగురు పిల్లలు పుట్టారు కూడా, కనుక మెచ్చుకుంటున్నాం. మునిగిపోయి ఉంటే? అప్పుడూ అతను చేసింది సబబే అంటాం. రేవులో మిగిలిపోతే ఏమవుతుందో ఎక్కినవాళ్ళకి తెలుసు. పసివాళ్ళకి తెలియదు నిజమే, వాళ్ళని చంకనెత్తుకొచ్చిన తల్లులకి తెలుసు.

తీరా బూసాన్ చేరితే, అక్కడ అప్పటికే శరణార్థులు నిండిపోయారని దింపుకోలేదు. ఓడ కోజే ద్వీపానికి సాగింది.