వారసత్వమూ పురుషకారమూ: జానీ గైల్స్ ఆటజీవితం

మనిషి ప్రతిభలో సంక్రమించినది ఎంత, ఆర్జించినది ఎంత అన్న ప్రశ్నను భారతీయ చింతన దైవం, పురుషకారం అనే మాటలతో చర్చించింది. మన యత్నం లేకుండా చేతికందినది దైవమనీ, స్వయంగా చేసే కృషి పురుషకారమనీ స్థూలంగా చెప్పవచ్చు. 1940లో డబ్లిన్‌లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు జానీ గైల్స్ విషయంలో ఈ విభజన అంత తేలికగా నిలవదు. తండ్రి డికీ బొహీమియన్స్ జట్టుకు ఆడినవారు, కొడుకులు మైకేల్, క్రిస్ కూడా ఆటగాళ్లే, 1966లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండ్ జట్టులోని నాబీ స్టైల్స్ గైల్స్ సోదరిని పెళ్లాడారు.

అయినా, 1963లో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన కొద్ది నెలలకే, అప్పటికి రెండో డివిజన్‌లో ఉన్న లీడ్స్ యునైటెడ్‌కు మారి, మైదానం అంచున పరుగెత్తే వింగర్ స్థానాన్ని విడిచి, నడుమ నిలిచి ఆటను నడిపే మిడ్‌ఫీల్డర్‌గా తనను తాను మలచుకొని, 1969లోనూ 1974లోనూ లీగ్ విజేత అయిన ఆ పరిణామాన్ని ఏ వంశమూ ముందుగా రాసిపెట్టలేదు. శ్రమించే గుణం సైతం ఇంటి నుంచే అబ్బిందని ప్రతివాది అనవచ్చు, అది బలమైన ఆక్షేపణే. కాని వాసన, అంటే పూర్వానుభవం మనసులో విడిచిన ముద్ర, ఒక మొగ్గును కలిగిస్తుందే తప్ప, అలవాటైన స్థానాన్ని వదులుకొమ్మని చెప్పదు.