గడువు ఎవరిది?

పదిహేనేళ్ళ పిల్లకు కాలేజీ సీటు గురించి నిద్రపట్టకపోతే ఆ భయం ఎవరిది? పిల్లదేనని చదువుకున్న పెద్దమనుషులు తేల్చేశారు. దానికి స్ట్రెస్ అని పేరు పెట్టి, ధైర్యంగా ఉండమని చెప్పి, చేతులు దులుపుకుంటున్నారు. మా గేరిలో దీన్ని దిగులు అంటారు. దిగులుకు కారణం ఉంటది. కారణం అడక్కుండా ధైర్యం చెప్పడం సాయమా, తప్పించుకోవడమా?

మాది హాలహర్వి. కర్నూలు జిల్లాకు పడమటి కొస, అవతల బళ్ళారి. వాననే నమ్ముకున్న నేల. పంటలయిపోగానే మా జనం సుగ్గికి పోతారు. గుంటూరు దిక్కు పత్తి తీయను, మిరపకాయలు కోయను పోతారు. ఇండ్లకు తాళాలు పడతాయి, ముసలోళ్ళు మిగులుతారు. కొందరు పిల్లలు బడి వదిలి అమ్మానాయనల వెంట పోతారు. సరిగ్గా ఆ నెలల్లోనే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు పదో తరగతి పిల్లల కోసం తిరుగుతారు. పరీక్షలు మార్చిలో. బేరం మాత్రం సంక్రాంతికి ముందే. ఇప్పుడు కడితే రాయితీ, ఎల్లుండి దాటితే లేదంటారు. షెడ్యూలుకు ముందు అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్మీడియట్ బోర్డు చెప్తూనే ఉంటది. వినేదెవరు?

ఒక చలికాలం రాత్రి మా అక్క కూతురు ఫోన్ చేసింది. "మామా, శుక్రవారం లోపల ఐదు వేలు కట్టకుంటే సీటు పోతాదంట. అమ్మోళ్ళు మిరప చేన్లో ఉండారు, ఫోను కలవదు. సీటు పోతే నా బతుకింతేనా?" వారం నుంచి సరిగా తినడం లేదని పక్కనుంచి జేజి అంది. లెక్కలంటే ఆ పిల్లకు భయం లేదు. తారీఖంటే భయం.

"పాపా, ఆ తారీఖు వాళ్ళు పెట్టుకున్నది, నువ్వు పెట్టింది కాదు. ఆదోనిలో సర్కారు కాలేజీ ఉంది, గురుకులాలున్నాయి, పాలిటెక్నిక్ ఉంది. నువ్వు పరీక్ష రాయి. కాగితాలు, డబ్బులు నా పని" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నువ్వు కలెక్టరైతేనే మన గేరి బాగుపడతాదని అందరూ అంటాండారు మామా. కాకపోతే?"

ఆ మాటకు జవాబు సులువు కాదు. ఆ బరువు నాకు తెలుసు. నేను పది పాసైన రోజు మా గేరి అంతా వచ్చింది. ముడుపు విప్పి ఐదు రూపాయలిచ్చిన ముసలమ్మ ఉంది. నెత్తిన చెయ్యి పెట్టినోళ్ళంతా ఏదో ఒకటి ఆశపెట్టుకున్నోళ్ళే. హాస్టల్లో మార్కులు తగ్గిన రాత్రి ఆ మొఖాలన్నీ వరసగా కనపడేవి. ఎవరూ నాకు చెడు కోరలేదు. అయినా వాళ్ళ ఆశ నా మీద వెట్టిలాగే పడింది. దొరల వాకిట్లో వెట్టి వద్దని కొట్లాడిన మనం, మన ఇంట్లో పిల్లల చేత ఆశల వెట్టి చేయించవచ్చునా?

గడువు అందరికీ ఒకటే కదా అంటారు. కాదు. 2024లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా దళిత కుర్రాడు అతుల్ కుమార్‌కు ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. తండ్రి రోజు కూలీ. జూన్ 24 సాయంత్రం 5 గంటల లోపల 17,500 రూపాయలు కట్టాలి. డబ్బు పోగయ్యేసరికి నిమిషాలే మిగిలాయి. కట్టే లోపల గడువు మూతబడింది. సుప్రీంకోర్టు దాకా పోయి సెప్టెంబర్ 30న సీటు తెచ్చుకున్నాడు. బ్యాంకులో డబ్బున్నోడికి 5 గంటలంటే ఒక గంట. కూలోడికి అది గోడ. ఆ కుర్రాడికి తక్కువైంది ధైర్యమా, పదిహేడు వేలా?

మన సభల్లో అంబేద్కర్‌ను చూపించి పిల్లల్ని అదిలిస్తాం. ఆయన అన్ని కష్టాల్లో చదివాడు, నీకేమొచ్చింది అంటాం. ఆయన చదువు తెగిన సంగతి చెప్పం. బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో లండన్ చదువు సగంలో వదిలి తిరిగొచ్చాడు. నాలుగేళ్ళ లోపల వచ్చి మొదలుపెట్టుకోవచ్చని అక్కడ అనుమతి దొరికింది. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టుకుని, కొల్హాపూర్ మహారాజు సాయం, స్నేహితుడి అప్పు తోడు చేసుకుని 1920లో మళ్ళీ పోయాడు. 1923లో డీఎస్సీ తెచ్చుకున్నాడు. అంబేద్కర్ కోసం తలుపు మూడేళ్ళు తెరిచి ఉంది. మన పిల్లకు శుక్రవారం దాకానా?

భయం లేకపోతే చదవరు గదా అని మనోళ్ళే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనకు భూమి లేదు, దుకాణం లేదు, చదువొక్కటే ఉంది. అందుకే పట్టుదల కావాలి. కానీ పట్టుదల వేరు, భయం వేరు. పాఠం కష్టమైతే కూర్చుని చదవడం పట్టుదల, అది పిల్లలది. కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్, ఫీజు, గడువు, ఇవి పిల్లల పని కాదు, మనవి. మన పని మనం చేయకుండా వాళ్ళ పని వాళ్ళని చేయమనే హక్కు మనకు లేదు.

కాబట్టి సంఘాలోళ్ళకు, హాస్టల్ విద్యార్థులకు ఒక మాట. సుగ్గి మొదలయ్యే ముందే గేరిలో పదో తరగతి పిల్లలెవరో రాసుకోండి. సర్టిఫికెట్లు అప్పుడే తీయించండి. గడువు రోజుకు అందే డబ్బు ఊరుమ్మడిగా కొంత పెట్టుకోండి. వాళ్ళ ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉండేటట్టు చూడండి. తిండి మానినా, నిద్ర మానినా, బతకడం దండగ అన్నా తిట్టకండి, ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. 14416 టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు. మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడదీయొద్దు, నలుగురిలో అవమానించొద్దు అని 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు చెప్పింది. విశాఖపట్నంలో కోచింగుకొచ్చి చనిపోయిన ఒక పిల్ల కేసులో వచ్చిన తీర్పు అది. ఆ కాగితం పట్టుకుని కాలేజీల్ని అడగండి.

సీటు పోతే సీటే పోతది. మళ్ళీ ఏడు వస్తది. ఈ మాట పిల్లలకు ఫలితాలొచ్చినాక చెప్తే ఓదార్పు, ముందే చెప్తే అండ. మన జాతి విముక్తి మనందరి పని. దాన్ని పదిహేనేళ్ళ పిల్ల మెడకు కట్టకండి.